కొన్న రోజే వేయవలసిన తాళం: సూరత్ వ్యాపారుల పాత హార్డ్ డిస్కులు, ఎన్‌క్రిప్షన్ రక్షణ

సూరత్ రింగ్ రోడ్డులోని జౌళి మార్కెట్లలో ఒక దుకాణం తన లెక్కల కంప్యూటరును మార్చుకుంటే, పాత యంత్రం సాధారణంగా రెండు దారుల్లో ఒకదానిలో వెళ్తుంది. కొత్తది అమ్మిన వ్యక్తే పాతదానికి కొంత ధర కట్టి తీసుకుంటాడు; లేదా తుక్కు వ్యాపారి తూకానికి కొనుక్కుంటాడు. పెట్టె, మానిటరు, తీగలు అన్నీ కలిపినా చేతికొచ్చే సొమ్ము స్వల్పమే. ఆ పెట్టెలో ఉన్న హార్డ్ డిస్కులో మాత్రం ఏళ్ల తరబడి సాగిన వ్యాపారమంతా నిక్షిప్తమై ఉంటుంది. ఖాతాదారుల జీఎస్టీ నంబర్లు, బ్యాంకు ఖాతాల వివరాలు, ఎవరి బాకీ ఎంత అన్న పద్దు, కార్మికుల ఆధార్ నకళ్లు, ఇంకా మార్కెట్లోకి రాని చీరల డిజైన్లు అన్నీ అందులోనే ఉంటాయి.

ఆ పద్దుల్లో తెలుగువారి పేర్లు కూడా కనిపిస్తాయి. విజయవాడ వస్త్రలత మొదలుకొని హైదరాబాద్ టోకు దుకాణాల వరకు తెలుగు రాష్ట్రాల జౌళి వ్యాపారులు సూరత్ సరుకు తెప్పించుకుంటారు. తెలంగాణ నేత ప్రాంతాల నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధ్నా పరిసరాల్లో స్థిరపడి మరమగ్గాలపై పనిచేస్తున్నాయి. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతోంది. కనుక సూరత్‌లో ఒక పాత డిస్కు పరాయి చేతుల్లో పడితే నష్టపోయేది ఆ దుకాణదారు ఒక్కడే కాదు. తమ వివరాలు ఆ పెట్టెలో ఉన్న సంగతే ఎరుగని దూరపు మనుషులు కూడా నష్టపోతారు.

ఈ ప్రమాదానికి విరుగుడు చాలా డ్రైవుల్లోనూ, ఆపరేటింగ్ వ్యవస్థల్లోనూ తయారీలోనే అమరి ఉంది. దాని పేరు ఎన్‌క్రిప్షన్, అంటే గుప్తీకరణ. అయితే దాన్ని ఉపయోగించుకోవలసిన సమయం చాలామంది అనుకునేది కాదు. యంత్రాన్ని వదిలించుకునే రోజు లభించే రక్షణ, ఆ యంత్రాన్ని వాడటం మొదలుపెట్టిన రోజే నిర్ణయమవుతుంది.

తొలగించినా మిగిలే సమాచారం

ఒక ఫైలును తొలగించమని ఆదేశించినప్పుడు కంప్యూటరు ఆ ఫైలును చెరపదు. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే సూచికలో దాని పేరును మాత్రం కొట్టివేసి, ఆ చోటు ఖాళీగా ఉన్నట్టు గుర్తు పెట్టుకుంటుంది. గ్రంథాలయంలో పుస్తకం బీరువాలోనే ఉండగా జాబితాలోని చీటీని చింపివేయడం వంటిది ఇది. ఆ చోట కొత్త సమాచారం రాసేంతవరకు పాతది పదిలంగానే ఉంటుంది. క్విక్ ఫార్మాట్ చేసేది కూడా ఇంతే. సూచిక కొత్తదవుతుంది, సరుకు పాతదే. ఇలా మిగిలిన సమాచారాన్ని వెలికితీసే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే లభిస్తాయి.

ఈ విషయాన్ని లోకానికి గట్టిగా చాటిన అధ్యయనం 2003లో వెలువడింది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ పాత సామాను మార్కెట్లో 158 హార్డ్ డిస్కులు కొని పరీక్షించారు. వాటిలో 129 పనిచేశాయి. పూర్వ యజమానులు సక్రమంగా శుభ్రం చేసినవి కేవలం 12. మిగిలిన వాటిలో వేలకొద్దీ క్రెడిట్ కార్డు నంబర్లు, వైద్య సమాచారం, వ్యక్తిగత లేఖలు కనిపించాయి. ఒక డిస్కు అంతకుముందు ఏటీఎం యంత్రంలో పనిచేసినది. ఆ యజమానుల్లో పలువురు తమ డిస్కులను ఫార్మాట్ చేశారు, ఫైళ్లు తొలగించారు. తమ వంతు జాగ్రత్త తీసుకున్నామనే వారు భావించి ఉంటారు.

తిరగరాయడం ఎంతవరకు మేలు

డిస్కు మొత్తాన్ని సున్నాలతోనో, అర్థంలేని అంకెలతోనో నింపివేయడం మరో పద్ధతి. పళ్లెం వంటి అయస్కాంత చక్రాలు తిరిగే నేటి హార్డ్ డిస్కుకు ఒకసారి పూర్తిగా తిరగరాస్తే సాధారణ అవసరాలకు సరిపోతుంది. చిక్కు రెండు చోట్ల ఎదురవుతుంది.

మొదటిది సమయం. సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో రాసే 4 టెరాబైట్ల డిస్కును నింపడానికి ఏడు గంటలకు పైగా పడుతుంది. పది డిస్కులున్న కార్యాలయం ఈ పనికి రోజులు వెచ్చించాలి. రెండవది, డిస్కు పనిచేస్తూ ఉండాలి. చెడిపోయిన డిస్కు మీద రాయడం కుదరదు. చెడిపోయినంత మాత్రాన అందులోని సమాచారం నశించినట్టూ కాదు. సర్క్యూట్ బోర్డు కాలిపోయినా చక్రాలు బాగానే ఉంటే, తగిన పరికరాలున్న ప్రయోగశాల సమాచారాన్ని తిరిగి చదవగలదు.

కదిలే భాగాలు లేని సాలిడ్ స్టేట్ డ్రైవుల రాకతో మూడవ చిక్కు వచ్చి చేరింది. ఒకే చోట పదేపదే రాస్తే ఆ కణాలు త్వరగా అరిగిపోతాయి. అందువల్ల డ్రైవులోని నియంత్రకం రాతలను అన్ని చోట్లకూ సర్దుతూ, కొంత స్థలాన్ని కంప్యూటరుకు కనపడకుండా అట్టిపెట్టుకుంటుంది. ఒక ఫైలుపై తిరగరాశామని వినియోగదారు అనుకున్నా, పాత ప్రతి మరోచోట మిగిలి ఉండవచ్చు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో పరిశోధకులు 2011లో ఈ సంగతిని ప్రయోగపూర్వకంగా చూపారు. ఒక్కొక్క ఫైలును చెరిపే పద్ధతులేవీ ఈ డ్రైవులపై నమ్మదగిన ఫలితం ఇవ్వలేదు. డ్రైవులో తయారీదారు అమర్చిన చెరిపివేత ఆదేశాన్ని వారు 12 డ్రైవులపై పరీక్షించగా, వాటిలో ఒకటి పని పూర్తయిందని జవాబిచ్చినప్పటికీ సమాచారం యథాతథంగా ఉండిపోయింది.

తాళంచెవిని నాశనం చేస్తే చాలు

ఎన్‌క్రిప్షన్ ఈ సమస్యను మరో వైపు నుంచి పరిష్కరిస్తుంది. సమాచారం డిస్కుపై పడకముందే గణిత సూత్రాల ప్రకారం అర్థంకాని అక్షరాల ముద్దగా మారిపోతుంది. దాన్ని తిరిగి అసలు రూపానికి తేవాలంటే ఒక రహస్య సంఖ్య కావాలి. దానినే తాళంచెవి అంటారు. నేటి డ్రైవుల్లో విరివిగా వాడే ఏఈఎస్ పద్ధతిలో ఈ తాళంచెవి 256 బిట్ల నిడివి వరకు ఉంటుంది. సాధ్యమైన తాళంచెవుల సంఖ్యను రాయాలంటే 78 అంకెలు కావాలి. ఒక్కొక్కటిగా ప్రయత్నించి తెరవడం ఏ కంప్యూటరుకూ అయ్యే పని కాదు.

స్వయంగా గుప్తీకరించే డ్రైవుల్లో ఈ పని డ్రైవు లోపలి చిప్పే చేస్తుంది. కర్మాగారంలోనే ఒక తాళంచెవి పుడుతుంది. అది డ్రైవు దాటి బయటకు రాదు. రాసే ప్రతి అక్షరం దానితో గుప్తమవుతుంది, చదివే ప్రతి అక్షరం దానితోనే విప్పబడుతుంది. ప్రత్యేక చిప్పు ఉన్నందున కంప్యూటరు వేగం తగ్గదు. సీగేట్ వంటి తయారీదారులు 2000 దశకం మధ్యకాలం నుంచి ఇటువంటి డ్రైవులను మార్కెట్లోకి తెచ్చారు. వేర్వేరు కంపెనీల డ్రైవులు ఒకే విధంగా పనిచేసేలా ట్రస్టెడ్ కంప్యూటింగ్ గ్రూప్ అనే పరిశ్రమ కూటమి 2009లో ఓపల్ అనే ప్రమాణాన్ని ప్రకటించింది.

డ్రైవును వదిలించుకునే రోజున టెరాబైట్ల కొద్దీ సమాచారాన్ని చెరపవలసిన పని ఇక్కడ లేదు. లోపలి తాళంచెవిని చెరిపి, దాని స్థానంలో కొత్తదాన్ని పుట్టించమని ఆదేశిస్తే సరిపోతుంది. కొన్ని క్షణాల్లో పని ముగుస్తుంది. పాత సమాచారం భౌతికంగా అక్కడే ఉన్నా, దాన్ని విప్పగల సాధనం ఇక ఎక్కడా ఉండదు. కంప్యూటరుకు కనపడని మూలల్లో మిగిలిన ప్రతులకు కూడా ఇదే గతి. దీన్ని క్రిప్టోగ్రాఫిక్ ఎరేజ్ అంటారు. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ, నిల్వ సాధనాల శుద్ధిపై 2014లో సవరించి వెలువరించిన మార్గదర్శకంలో ఈ పద్ధతిని గుర్తించింది. సాధారణ చెరిపివేత కంటే ఒక మెట్టు పైనున్న శుద్ధిగా దీన్ని పరిగణించవచ్చని పేర్కొంది.

ఆ గుర్తింపునకు ఒక షరతు ఉంది. గుప్తీకరణ మొదలు కాకముందే డిస్కుపై రహస్య సమాచారం బహిరంగ రూపంలో పడి ఉంటే, తాళంచెవిని నాశనం చేయడాన్ని నమ్ముకోరాదని అదే మార్గదర్శకం హెచ్చరిస్తుంది. మూడేళ్లు తాళం లేకుండా వాడి, అమ్మే ముందు రోజు ఎన్‌క్రిప్షన్ ప్రారంభించడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

తాళం ఉన్నా వేయని తలుపు

స్వయంగా గుప్తీకరించే డ్రైవుల విషయంలో తరచూ ఒక అపోహ కనిపిస్తుంది. డ్రైవు ఎప్పుడూ గుప్తీకరిస్తూనే ఉంటుంది కనుక సమాచారం భద్రమని చాలామంది భావిస్తారు. వాస్తవానికి యజమాని సంకేతపదం పెట్టనంత వరకు ఆ డ్రైవు అడిగిన వారందరికీ సమాచారాన్ని విప్పి ఇస్తూనే ఉంటుంది. దొంగ ఆ డ్రైవును ఊడదీసి తన కంప్యూటరుకు తగిలించుకున్నా అంతే. తాళం బిగించిన తలుపే అయినా, చెవి దానికే వేలాడుతున్నట్టు.

ఈ నిర్లక్ష్యం ఎంత ఖరీదైనదో మోర్గాన్ స్టాన్లీ ఉదంతం చెబుతుంది. అమెరికాకు చెందిన ఈ ఆర్థిక సేవల సంస్థ తన రెండు డేటా కేంద్రాలను మూసివేస్తూ, వేలాది హార్డ్ డిస్కులను, సర్వర్లను తొలగించే పనిని సమాచార నిర్మూలనలో ఏ అనుభవమూ లేని ఒక సామాను రవాణా కంపెనీకి అప్పగించింది. ఆ కంపెనీ పరికరాలను ఇతరులకు అమ్మివేసింది. వాటిలో కొన్ని ఖాతాదారుల వ్యక్తిగత వివరాలు చెరగకుండానే ఇంటర్నెట్ వేలంలో ప్రత్యక్షమయ్యాయి. అమెరికా బ్యాంకుల నియంత్రణ కార్యాలయం 2020 అక్టోబరులో ఆ సంస్థకు 6 కోట్ల డాలర్ల జరిమానా విధించింది. మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2022 సెప్టెంబరులో మరో 3.5 కోట్ల డాలర్లు చెల్లించేలా పరిష్కారం కుదుర్చుకుంది. సుమారు కోటిన్నర మంది ఖాతాదారుల సమాచారాన్ని కాపాడటంలో సంస్థ విఫలమైందని ఎస్‌ఈసీ పేర్కొంది. ఆ నిర్ధారణలను మోర్గాన్ స్టాన్లీ అంగీకరించనూ లేదు, ఖండించనూ లేదు.

అదే ఉత్తర్వులో మరో అంశం కూడా ఉంది. శాఖా కార్యాలయాల్లోని సర్వర్లను తొలగించిన తర్వాత లెక్క చూస్తే 42 సర్వర్ల ఆచూకీ దొరకలేదు. ఆ శాఖల పరికరాలకు ఎన్‌క్రిప్షన్ సామర్థ్యం ముందునుంచే ఉంది. అయితే సంస్థ దాన్ని ఏళ్ల తరబడి ప్రారంభించలేదు. డబ్బు పెట్టి కొన్న తాళాన్ని వేయకపోవడమే అక్కడి లోపం.

డ్రైవు మాటను ఎంతవరకు నమ్మాలి

తాళం వేసినా అది గట్టిదేనా అన్న ప్రశ్న మిగులుతుంది. నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కార్లో మేయర్, బెర్నార్డ్ వాన్ గాస్టెల్ 2018 నవంబరులో ప్రకటించిన ఫలితాలు ఈ విషయంలో కలకలం రేపాయి. క్రూషియల్, శాంసంగ్ కంపెనీలకు చెందిన పలు సాలిడ్ స్టేట్ డ్రైవుల్లో అంతర్గత గుప్తీకరణ అమలులో తీవ్ర లోపాలు ఉన్నాయని వారు కనుగొన్నారు. కొన్ని నమూనాల్లో వినియోగదారు పెట్టిన సంకేతపదానికీ, సమాచారాన్ని గుప్తీకరించే తాళంచెవికీ గణితపరమైన ముడి లేనే లేదు. డ్రైవులోని అంతర్గత ప్రోగ్రాంను మార్చగలిగిన వ్యక్తి సంకేతపదం తెలియకుండానే సమాచారం చదవగలిగేవాడు.

అప్పట్లో విండోస్‌లోని బిట్‌లాకర్, డ్రైవు తానే గుప్తీకరిస్తానని చెబితే ఆ బాధ్యతను దానికే వదిలేసేది. ఈ ఫలితాల దరిమిలా మైక్రోసాఫ్ట్ హెచ్చరిక జారీ చేసింది. 2019 సెప్టెంబరులో వచ్చిన మార్పుతో, కొత్తగా గుప్తీకరించే డ్రైవులకు బిట్‌లాకర్ తన సొంత సాఫ్ట్‌వేర్ పద్ధతినే ప్రథమంగా వాడటం ఆరంభించింది. తయారీదారులు కూడా లోపాలున్న నమూనాలకు సవరణలు విడుదల చేశారు.

దీని నుంచి సామాన్య వినియోగదారు గ్రహించవలసింది సరళమైనదే. డ్రైవులోని గుప్తీకరణ మేలైనదే. దానికి తోడు ఆపరేటింగ్ వ్యవస్థ అందించే గుప్తీకరణను కూడా అమలు చేస్తే, ఒకదానిలో లోపమున్నా మరొకటి కాపాడుతుంది. విండోస్ ప్రో సంచికల్లో బిట్‌లాకర్, తగిన హార్డ్‌వేర్ ఉన్న హోమ్ సంచికల్లో డివైస్ ఎన్‌క్రిప్షన్, యాపిల్ కంప్యూటర్లలో ఫైల్‌వాల్ట్, లినక్స్‌లో లక్స్ ఇందుకు ఉన్నాయి. వీటికి అదనంగా సొమ్ము చెల్లించనక్కర లేదు.

సూరత్ అవసరాలు ప్రత్యేకం ఎందుకు

సూరత్‌ను ప్రపంచ పటంలో నిలిపిన మరో వృత్తి వజ్రాల సానపట్టు. ప్రపంచంలోని ప్రతి పది వజ్రాల్లో తొమ్మిది ఇక్కడే సానపడతాయని పరిశ్రమ వర్గాలు చెబుతాయి. 2023 డిసెంబరు 17న ప్రారంభమైన సూరత్ డైమండ్ బోర్స్‌లో నాలుగు వేలకు పైగా కార్యాలయాలకు చోటుంది. నేడు ముడి వజ్రాన్ని కోసే ముందు యంత్రంతో స్కాన్ చేసి, లోపలి మచ్చలు ఎక్కడున్నాయో, ఏ కోణంలో కోస్తే ఎంత బరువు దక్కుతుందో కంప్యూటరులోనే లెక్కగడతారు. రాయి అమ్ముడైపోయినా ఆ లెక్క ఫైలుగా మిగులుతుంది. ఏ ముడి రాయి ఎంతకు కొన్నారు, ఎంత దిగుబడి వచ్చింది, ఎవరికి అమ్మారు అన్న సమాచారం పోటీదారు చేతికి చిక్కితే బేరంలో నష్టం తప్పదు. జౌళి రంగంలో ఎంబ్రాయిడరీ, డిజిటల్ ప్రింటింగ్ డిజైన్ల ఫైళ్లకు కూడా ఇదే విలువ వర్తిస్తుంది.

ఈ నగరానికి వరద ముప్పు కూడా ఉంది. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి భారీగా నీరు వదలడంతో తాపీ నది పొంగి నగరంలో అధిక భాగం మునిగిపోయింది. తెలుగువారు ఎక్కువగా నివసించే లింబాయత్ పరిసరాలను వర్షాకాలంలో మీఠీ ఖాడీ వాగు ఇప్పటికీ ముంచెత్తుతూ ఉంటుంది. నీట మునిగిన కంప్యూటరు మళ్లీ పనిచేయదు కనుక తుక్కుకు పోతుంది. అటువంటి డిస్కుపై తిరగరాయడం, చెరిపివేత ఆదేశం ఇవ్వడం సాధ్యం కాదు. అయినా శుభ్రపరిచి ఆరబెట్టి, తగిన పరికరాలతో చదివితే సమాచారం దొరికే అవకాశం ఉంటుంది. పనిచేయని డిస్కుకు మిగిలే దారులు రెండే. పగలగొట్టి నాశనం చేయాలి, లేదా అది మొదటినుంచీ గుప్తీకరించినదై ఉండాలి. వారంటీ కింద చెడిపోయిన డిస్కును తిరిగి కంపెనీకి పంపేటప్పుడు పగలగొట్టే అవకాశం కూడా ఉండదు. అప్పుడు గుప్తీకరణ ఒక్కటే అండ.

సీసీ కెమెరాల రికార్డరు, కార్యాలయపు పెద్ద జిరాక్స్ యంత్రం వంటి వాటిలో కూడా డిస్కులు ఉండవచ్చన్న సంగతి చాలామందికి తట్టదు. చిన్న దుకాణాలు వాడే రికార్డర్లలో గుప్తీకరణ సదుపాయం అరుదు. వాటిని అమ్మేముందు డిస్కును బయటకు తీసి విడిగా నాశనం చేయడం క్షేమకరం.

చట్టం ఏమి చెబుతోంది

2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, ఇతరుల వ్యక్తిగత సమాచారాన్ని సేకరించిన సంస్థ దాని భద్రతకు సముచితమైన చర్యలు తీసుకోవాలి. అవసరం తీరిన సమాచారాన్ని, మరే చట్టమూ దాచమని చెప్పనట్లయితే, చెరిపివేయాలి. భద్రతా చర్యల్లో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. 2025 నవంబరులో కేంద్రం ప్రకటించిన నియమాలు ఎన్‌క్రిప్షన్‌ను అటువంటి చర్యల్లో ఒకటిగా పేర్కొన్నాయి. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చాయి. పనిని మరొకరికి అప్పగించినంత మాత్రాన బాధ్యత తీరిపోదు. సేకరించిన సంస్థే జవాబుదారీగా నిలుస్తుంది.

పరికరం విషయంలో వేరే నియమాలు ఉన్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం, ఒక ఆర్థిక సంవత్సరంలో వెయ్యి లేదా అంతకు మించిన పరికరాలు వాడే సంస్థలు తమ ఎలక్ట్రానిక్ వ్యర్థాలను నమోదైన ఉత్పత్తిదారుకో, మరమ్మతు చేసి తిరిగి అమ్మే సంస్థకో, పునఃచక్రీకరణ సంస్థకో మాత్రమే ఇవ్వాలి. చిన్న వ్యాపారులకు ఈ నిర్బంధం లేకపోయినా, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదైన సంస్థకు అప్పగించి రసీదు తీసుకోవడం వారికీ మేలు. అయితే ఈ నమోదు పర్యావరణానికి సంబంధించినది. అందులోని సమాచారం చెరుగుతుందన్న హామీ దానివల్ల రాదు. సమాచార నిర్మూలన ధ్రువపత్రాన్ని, ప్రతి డిస్కు క్రమసంఖ్యతో సహా, విడిగా అడిగి తీసుకోవాలి.

కొన్న రోజున

కొత్త యంత్రంలో లెక్కలు, ఫైళ్లు ఎక్కించక ముందే ఎన్‌క్రిప్షన్ ప్రారంభించాలి. ఇటీవలి విండోస్ 11 కంప్యూటర్లలో పలు వాటిలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించినప్పుడు అది దానంతట అదే మొదలవుతుంది. అయినా సెట్టింగుల్లో చూసి నిర్ధారించుకోవడం అవసరం.

ఇప్పటికే వాడుతున్న కంప్యూటరులో బిట్‌లాకర్ ప్రారంభిస్తే, వాడిన స్థలాన్ని మాత్రమే గుప్తీకరించాలా, మొత్తం డ్రైవునా అని అది అడుగుతుంది. మొదటిది త్వరగా ముగుస్తుంది కానీ కొత్త డ్రైవులకే తగినది. పాత డ్రైవులో గతంలో తొలగించిన ఫైళ్ల అవశేషాలు ఖాళీ స్థలంలోనే ఉంటాయి కనుక మొత్తం డ్రైవును ఎంచుకోవాలి. సాలిడ్ స్టేట్ డ్రైవు అయితే కనపడని మూలల్లో పాత ప్రతులు అప్పటికీ మిగలవచ్చు. కాబట్టి దాన్ని వదిలించుకునే రోజున తయారీదారు చెరిపివేత సాధనాన్ని కూడా వాడాలి.

పునరుద్ధరణ తాళంచెవిని కాగితంపై ముద్రించి, కంప్యూటరు ఉన్న గదిలో కాకుండా వేరే చోట భద్రపరచాలి. సంకేతపదం మరచిపోయి, ఈ తాళంచెవి కూడా పోతే యజమాని సైతం తన సమాచారాన్ని శాశ్వతంగా కోల్పోతాడు. అదేవిధంగా వేరే డిస్కుపై నకలు ఉంచుకోవడం, ఆ నకలును కూడా గుప్తీకరించడం తప్పనిసరి. కంప్యూటరు తెరచి పనిచేస్తున్నప్పుడు వచ్చే వైరస్‌లను, మోసపూరిత లింకులను ఎన్‌క్రిప్షన్ అడ్డుకోదు. యంత్రం ఆగి ఉన్నప్పుడు, పరాయి చేతిలో పడినప్పుడు మాత్రమే అది రక్ష.

వదిలించుకునే రోజున

ముందుగా దాచవలసిన లెక్కలను కొత్త యంత్రంలోకి మార్చుకోవాలి. జీఎస్టీ చట్టం ప్రకారం వ్యాపార పద్దులను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు భద్రపరచాలి. తాళంచెవి నాశనమైన తర్వాత వాటిని ఎవరూ తిరిగి తేలేరు. నకలు తెరుచుకుంటున్నదని చూసుకున్న తర్వాతే తదుపరి అడుగు వేయాలి.

తర్వాత తయారీదారు ఇచ్చిన సాధనంతో గానీ, ఆపరేటింగ్ వ్యవస్థలోని రీసెట్ సదుపాయంతో గానీ చెరిపివేత పూర్తి చేయాలి. ఓపల్ ప్రమాణం పాటించే చాలా డ్రైవుల చీటీపై 32 అక్షరాల పీఎస్ఐడీ సంకేతం ముద్రించి ఉంటుంది. సంకేతపదం మరచిన డ్రైవుకు కూడా ఈ సంకేతాన్ని ఇస్తే అది పాత తాళంచెవిని నాశనం చేసి, కర్మాగారం నుంచి వచ్చిన స్థితికి మారుతుంది. ఆ తర్వాత డ్రైవును మరో కంప్యూటరుకు తగిలించి, పాత ఫైళ్లేవీ కనపడటం లేదని సరిచూడాలి.

గుప్తీకరించని, పనిచేయని డిస్కును భౌతికంగా ధ్వంసం చేయాలి. పాత తరహా హార్డ్ డిస్కులో చక్రాలు విరిగేలా, వంగేలా చూడాలి. సాలిడ్ స్టేట్ డ్రైవులో చిన్న చిన్న చిప్పులన్నింటిలోనూ సమాచారం ఉంటుంది కనుక ఒక్క రంధ్రం సరిపోదు, ప్రతి చిప్పూ నలగాలి. శక్తిమంతమైన అయస్కాంతంతో చెరిపే పద్ధతి సాలిడ్ స్టేట్ డ్రైవులపై పనిచేయదు. చివరగా ఏ డిస్కును, ఏ తేదీన, ఏ పద్ధతిలో శుభ్రం చేసి ఎవరికి ఇచ్చారో క్రమసంఖ్యతో ఒక పుస్తకంలో రాసుకోవాలి. పెద్ద సంస్థల్లో సర్వర్ల ఆచూకీ తప్పింది ఈ చిన్న లెక్క లేకనే.

తెలుగు రాష్ట్రాల్లో వ్యాపారం సాగిస్తూ సూరత్‌తో పద్దు నడిపే దుకాణదారులు కూడా సరఫరాదారును ఒక ప్రశ్న అడగవచ్చు. లెక్కల కంప్యూటరుకు ఎన్‌క్రిప్షన్ ఉందా అన్నదే ఆ ప్రశ్న. సరుకు నాణ్యతను, బాకీ గడువును అడిగినంత సహజంగా దీన్నీ అడగవలసిన కాలం వచ్చింది. తమ దుకాణంలోని కంప్యూటరు విషయంలో తామూ అదే జవాబు చెప్పగలగాలి.